పిల్లోడికి ఆటిజమేమో అని అనుమానం వస్తే యాడికి పోవాలి, ఏ టెస్ట్ చేయించాలి (అనంతపురం, కర్నూలు, కడప వాళ్ళ కోసం)

మా వాడికి రెండేళ్ళు దాటి రెండు నెలలప్పుడు ఒకరోజు దాహమై వంటింట్లోకి వచ్చినాడు. నోరు తెరిచి అడగలేదు, నా మొహం చూడలేదు, వేలు పెట్టి చూపించలేదు. నా మణికట్టు పట్టుకుని లాక్కుపోయి, నా చెయ్యి పైకెత్తి, నా వేళ్ళు తీసుకుపోయి గ్లాసు మీద పెట్టినాడు. ఎంత తెలివి నా కొడుక్కి అని ఆ రోజు మా ఆయనకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నా. నాలుగు నెలల తర్వాత ఒక డాక్టరమ్మ, వాడికి ఏదన్నా కావాలంటే ఎట్ల అడుగుతాడమ్మా అంటే ఇదే మాట సంతోషంగా చెప్పినాను. ఆమె రాసేది ఆపి, ఇంకోసారి చెప్పమ్మా, నీ మొహం చూస్తాడా ఆ టైంలో అని అడిగింది. అప్పుడు నాకు అర్థమైంది, వాడు నన్ను అడగడం లేదు, నా చెయ్యిని వాడుకుంటున్నాడు అంతే అని.

ఇప్పుడు వాడికి ఐదున్నర. మాటలు వచ్చినాయి, స్కూల్‌కి పోతాడు, ఇంకా థెరపీ నడుస్తా ఉంది. మా బంధువుల్లో, మా ఆయన ఆఫీసులో ఎవరికి అనుమానం వచ్చినా ఫోన్ నాకే వస్తుంది. అందరూ అడిగేది ఒకటే, అక్కా ఏ టెస్ట్ మంచిది, అనంతపురంలో చేయించాలా బెంగళూరు పోవాలా అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఈడ రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, తిరిగి తిరిగి తెలుసుకున్న తల్లిని.

ముందు ఒక మాట. టెస్ట్ పేరు పట్టుకుని వెతకొద్దండి, మీకు ఇప్పుడు ఏ ప్రశ్నకు జవాబు కావాలో అది తేల్చుకోండి. పిల్లోడిలో ఏమన్నా తేడా ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న. తేడా ఉంది సరే, అది ఆటిజమా, వినికిడి లోపమా, ఊరికే మాటల ఆలస్యమా అన్నది రెండో ప్రశ్న. వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ కావాలి అన్నది మూడోది. ఈ మూడింటికీ టెస్టులు వేరు, పోవాల్సిన చోట్లు వేరు, మనుషులు కూడా వేరు. మేము ఇది తెలియక మొదటి ప్రశ్నకే మూడు చోట్ల తిరిగినాం, రెండో ప్రశ్న ఆరు నెలలు అట్లనే ఉండిపోయింది.

మొదటి ప్రశ్నకి, అంటే స్క్రీనింగ్‌కి, ఎక్కువగా వాడేది ఎం-చాట్. 16 నెలల నుంచి 30 నెలల లోపు పిల్లలకి, 20 ప్రశ్నలు, అవును కాదు అని తల్లో తండ్రో చెప్పేయొచ్చు, పది నిమిషాల పని, డబ్బు కట్టక్కర్లేదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం ప్రతి పిల్లకీ 18 నెలలకి ఒకసారి, 24 నెలలకి ఒకసారి ఆటిజం స్క్రీనింగ్ చేయమని చెప్తుంది, మన దగ్గర మాత్రం టీకాలకి పోయినప్పుడు బరువు చూసి పంపిస్తారు చానా చోట్ల, కాబట్టి మనమే అడగాలి. స్కోరు, అంటే రిస్క్ చూపించే జవాబుల లెక్క, 0 నుంచి 2 వస్తే ప్రస్తుతానికి రిస్క్ తక్కువ, అయితే రెండేళ్ళు నిండకముందు చేసి ఉంటే రెండేళ్ళు నిండినాక ఇంకోసారి చేయాలి. 3 నుంచి 7 వస్తే డాక్టరో సైకాలజిస్టో తప్పు పోయిన ప్రశ్నల్ని మళ్ళీ వివరంగా అడగాలి, అడిగినాక కూడా రెండో అంతకంటే ఎక్కువో మిగిలితే ముందుకు పంపాలి. 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మళ్ళీ అడిగేది కూడా లేదు, నేరుగా పెద్ద పరీక్షకి పోవడమే.

ఈడ చానా మంది తప్పు చేసేది ఏందంటే ప్రశ్నని తెలుగులో సగం అర్థం చేసుకుని టిక్కు పెట్టేయడం. వేలు చూపించడం గురించి రెండు ప్రశ్నలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి, ఏదన్నా కావాలంటే వేలు పెట్టి చూపిస్తాడా, బిస్కెట్ పైన ఉంటే అందుకోలేక చూపించడం లాంటిది. రెండోది, తనకి ఏమీ అక్కర్లేకుండా, ఊరికే మీకు చూపించాలని చూపిస్తాడా, ఆకాశంలో విమానం పోతుంటే, రోడ్డు మీద పెద్ద లారీ పోతుంటే, అదిగో చూడమ్మా అన్నట్టు. మా వాడు మొదటిది అప్పుడప్పుడు చేసేవాడు, రెండోది ఒక్కసారి కూడా చేయలేదు, నేను రెండింటికీ అవును అని రాసినా. రెండోదే అసలైన ప్రశ్న అని తర్వాత తెలిసింది, ఎందుకంటే తను చూసిన సంతోషాన్ని ఇంకొకరితో పంచుకోవాలి అనే ఆలోచన ఉందా లేదా అన్నది అందులోనే బయటపడుతుంది. అట్లనే మూడు ప్రశ్నలు తిరగేసి ఉంటాయి, అవును అంటే రిస్క్: పిల్లోడికి చెవుడేమో అని ఎప్పుడన్నా అనుమానం వచ్చిందా, కళ్ళ దగ్గర వేళ్ళు వింతగా ఆడిస్తాడా, ఇంట్లో మామూలు శబ్దాలకి తట్టుకోలేడా అని. మూడోదానికి మన ఇళ్ళల్లో మిక్సీ, కుక్కర్ విజిల్, పక్క గుడి మైకు ఇట్ల ఆలోచించుకుని చెప్పండి.

ఇంకో విషయం, 30 నెలలు దాటిన పిల్లలకి ఎం-చాట్ నింపొద్దు. నాలుగేళ్ళ పిల్లకి నింపి సున్నా వచ్చింది అంతా బాగుంది అని కర్నూలు నుంచి ఒకామె ఫోన్ చేసింది, ఆ వయసుకి అది పనికిరాదు, నేరుగా రెండో ప్రశ్నకి పోవాల్సిందే.

ఎం-చాట్ అనేది జల్లెడ లాంటిది. జల్లెడ పట్టినాక పైన మిగిలినవాటిని చేత్తో ఒక్కొక్కటి చూసుకుంటాం కదా, అట్ల. ఫాలో-అప్ ప్రశ్నలు కూడా అడిగినాక పాజిటివ్ వచ్చిన పిల్లల్లో దాదాపు సగం మందికే చివరికి ఆటిజం అని తేలిందని 2014లో వచ్చిన పెద్ద స్టడీ చెప్తుంది, అయితే అదే పిల్లల్లో 100లో 95 మందికి దగ్గర దగ్గర ఏదో ఒక ఎదుగుదల సమస్య ఉంది. అంటే పాజిటివ్ వస్తే ఏడ్చి కూర్చోవద్దు, అట్లని చూద్దాంలే అని పక్కన పెట్టేయొద్దు కూడా.

వినికిడి పరీక్ష గురించి

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే మాకు ఇది ఆలస్యం చేసినారు. మేము మొదట పోయిన చోట, పేరు చెప్పను, చప్పట్లు కొట్టి చూసి, తిరిగినాడు కదమ్మా చెవులు బాగున్నాయి అన్నారు. చప్పట్లకి తిరిగితే అన్ని శబ్దాలూ వినిపిస్తున్నట్టు కాదు, కొన్ని శబ్దాలు వినిపించి మాటలోని సన్న శబ్దాలు వినిపించకపోతే కూడా మాటలు రావు, పేరు పిలిస్తే పలకరు. మాటలు లేటైన ఏ పిల్లకైనా, ఆటిజం అనుమానం ఉన్నా లేకున్నా, ముందు చెవి పరీక్ష సరిగ్గా జరగాలి. ఓఏఈ అని ఒకటి, రెండు నిమిషాల్లో అయిపోతుంది. బెరా అని ఇంకోటి, తలకి వైర్లు అంటించి చెవి నుంచి మెదడుకి శబ్దం పోతుందా అని చూస్తారు, దీనికి పిల్లోడు నిద్రపోవాలి, కొందరికి నిద్రమందు సిరప్ ఇస్తారు.

మాకు ఉదయం పదకొండుకి టైం ఇచ్చినారు, నిద్ర ఆపుకొని తీసుకురమ్మన్నారు. తెల్లారి నాలుగున్నరకి లేపి, మా ఆయన వాణ్ణి భుజాన ఎత్తుకుని అనంతపురం స్టేషన్‌కి తీసుకుపోయినాడు, రైళ్ళంటే వాడికి పిచ్చి, రెండు రైళ్ళు చూపించి, కళ్ళు మూతలు పడతా ఉంటే మొహం మీద నీళ్ళు చల్లి, ఆటోలో పాటలు పాడి, చివరికి ఆసుపత్రి వరండాలో నా ఒళ్ళో పది నిమిషాల్లో నిద్రపోయినాడు. సిరప్ అవసరం రాలేదు. రెండు చెవులూ బాగున్నాయని కాగితం చేతికి వచ్చినాక పోయిన ప్రతి చోటా ఆ కాగితమే ముందు పెట్టినా, ఎవరూ మళ్ళీ చెవుల దగ్గర ఆగలేదు. మీరు ఎక్కడికి పోయేముందైనా ఈ ఒక్క పరీక్ష చేయించుకుని పోతే ఒక ట్రిప్పు మిగులుతుంది.

రెండో ప్రశ్న, ఇది ఆటిజమేనా

దీనికి రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. ఇది గట్టిగా చెప్తున్నా ఎందుకంటే ఎంఆర్ఐ తీస్తే ఆటిజం తెలుస్తుంది అని మాకే చెప్పినారు. ఫిట్స్ ఉంటే మెదడు తరంగాలు చూసే ఈఈజీ, తల చిన్నగా ఉన్నా నడకలో లోపం ఉన్నా డాక్టర్ చూసి ఎంఆర్ఐ రాస్తే వేరే సంగతి, లేకపోతే ఆటిజం తేల్చడానికి అది అక్కర్లేదు. తేల్చేది తెలిసిన మనిషి కళ్ళు. డీఎస్ఎం-5 అని డాక్టర్లు 2013 నుంచి వాడే పద్ధతి ఒకటి ఉంది, అందులో ఇతరులతో కలవడం, మాట లేకున్నా సైగలతో చూపుతో చెప్పడం, స్నేహాలు ఆటలు, ఈ మూడింట్లోనూ ఇబ్బంది ఉండాలి, దానితోపాటు ఒకే పని పదే పదే చేయడం, మార్పు తట్టుకోలేకపోవడం, ఒకే దానిమీద పిచ్చి, శబ్దం వెలుతురు స్పర్శ విషయంలో తేడా, ఈ నాలుగింట్లో కనీసం రెండు ఉండాలి. దీని ప్రకారం చూసి రాసేదే డయాగ్నోసిస్, మిగతా స్కేళ్ళన్నీ ఆ చూపుకి సాయం.

ఆ స్కేళ్ళు ఏవేవి అంటే, మీకు ఫైల్లో కనిపించే పేర్లు ఇవి. కార్స్, 15 అంశాలు, 15 నుంచి 60 దాకా మార్కులు, 30 దగ్గర గీత, ఆ పైన ఆటిజం వైపు. ఇన్‌క్లెన్ అనే పరిశోధన సంస్థ వాళ్ళది మన దేశంలోనే తయారైన డయాగ్నోసిస్ టూల్, ఎయిమ్స్ వాళ్ళు దాన్ని డీఎస్ఎం-5కి తగ్గట్టు మార్చినారు, దాని మంచితనం ఏందంటే తల్లిని అడిగేదే కాకుండా పిల్లోణ్ణి చూసి నింపేది కూడా అందులో ఉంటుంది. ఏడీఓఎస్ అని విదేశీది, బుడగలు, బెలూన్, బొమ్మలు పెట్టి ముప్పావు గంట నుంచి గంట దాకా ఆడిస్తా గమనిస్తారు, మంచిదే, కానీ కిట్ చానా ఖరీదు, నేర్చుకున్నవాళ్ళు తక్కువ, దానికోసం మాత్రమే అప్పు చేసి పోవాల్సిన పని లేదు అని నా గట్టి అభిప్రాయం. వీఎస్ఎంఎస్ అని సోషల్ మెచ్యూరిటీ చూసేది కూడా చేస్తారు, అది ఆటిజం చెప్పదు, వయసుకి తగ్గట్టు తన పనులు తాను చేసుకుంటున్నాడా అని చెప్తుంది.

ఒక చోట కార్స్ 34 వచ్చి ఇంకో చోట వేరే స్కేల్‌లో 95 వస్తే, అయ్యో పెరిగిపోయింది అని భయపడొద్దు, రెండూ వేరే కొలతలు, సేరుకీ కిలోకీ పోల్చినట్టు అవుతుంది.

మరి ఏ స్కేల్ వాడేవాళ్ళు మంచివాళ్ళు అంటే, నేను స్కేల్ చూడను, వాళ్ళు పిల్లోడితో నేల మీద కూర్చున్నారా అని చూస్తా. మా వాణ్ణి చూసిన డాక్టరమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని చాప మీద కూర్చుంది. బుడగలు ఊదింది, వాడు నవ్వి పట్టుకోవడానికి పోయినాడు, అప్పుడు ఊదడం ఆపేసి సీసా మూత పెట్టి వాడి ముందు పెట్టి ఊరికే కూర్చుంది. మూత తీయమని ఆమె మొహం చూసి అడుగుతాడా అని చూడడానికి. వాడు సీసాని చూసినాడు, మూత లాగినాడు, ఆమె చెయ్యి తీసుకుని సీసా మీద పెట్టినాడు, మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు అది, కానీ అంతకుముందు ఎవరూ మాకు చూపించనిది నా కళ్ళ ముందే కనిపించింది. దాని తర్వాత ఇంకో నలభై నిమిషాలు నన్ను అడిగింది, కడుపులో ఉన్నప్పటి నుంచి నిన్న రాత్రి నిద్ర దాకా. రిపోర్టులో ఏం చూసిందో రాసి ఇచ్చింది, ఊరికే ఆటిజం అనే మాట కాదు.

దీనికి ఎదురుగా ఇంకో చోటు కూడా చూసినాం, ఒక థెరపీ సెంటర్, కుర్చీలో కూర్చుని పది నిమిషాల్లో ఆటిజం అని చెప్పి, అదే టేబుల్ మీద మూడు నెలల ప్యాకేజీ కాగితం పెట్టినారు. థెరపీ అమ్మేవాళ్ళే ఒంటరిగా డయాగ్నోసిస్ చెప్పే చోట జాగ్రత్త. పిల్లల డాక్టర్, చైల్డ్ సైకియాట్రిస్ట్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్ సంతకం ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ వీళ్ళకి ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, అడగండి, ఉన్నవాళ్ళు ఏమీ అనుకోరు.

సరే యాడికి పోవాలి

అంగన్‌వాడీలో ఉన్న పిల్లలకి ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) టీమ్ వచ్చి చూడాలి, 2013లో కేంద్రం మొదలుపెట్టిన పథకం, ఎదుగుదల ఆలస్యాలు, ఆటిజం కూడా వాళ్ళ లిస్టులో ఉన్నాయి. వాళ్ళు రాసిస్తే జిల్లా స్థాయిలో పెద్దాసుపత్రికి అనుబంధంగా ఉండే డీఈఐసీకి, అంటే ఎదుగుదల సమస్యల్ని చిన్నప్పుడే చూసే జిల్లా కేంద్రానికి, పంపిస్తారు. ఖర్చు ఉండదు, చెవి పరీక్ష, పిల్లల డాక్టర్, థెరపిస్ట్ ఒకే చోట దొరికే అవకాశం ఉంది. కష్టం ఏందంటే ఏ రోజు ఎవరుంటారో ముందే కనుక్కుని పోవాలి, రద్దీ ఉంటుంది, టీమ్ వచ్చిన రోజు అంతమంది పిల్లల్లో మీ వాడి మీద ఒక నిమిషం కూడా దక్కకపోవచ్చు. అందుకే ఆ రోజు మీరు అంగన్‌వాడీలో ఉండండి, మా పిల్లోడు పేరు పిలిస్తే తిరగడు అని మీ నోటితో చెప్పండి.

ప్రైవేట్ పిల్లల డాక్టర్ దగ్గరికి పోతే తొందరగా అవుతుంది, మన వీధి చివరే ఉంటాడు, పుట్టినప్పటి నుంచి చూస్తున్నాడు. జ్వరానికి పోయినప్పుడు ఈ మాట ఎత్తితే పని కాదు, దీనికోసమే విడిగా టైం తీసుకోండి. మగపిల్లలు లేటుగా మాట్లాడతారు, మూడేళ్ళ దాకా చూద్దాం అని చెప్తే, సార్ మాటలు పక్కన పెట్టండి, వేలు చూపించడం లేదు, పేరుకి పలకడం లేదు, ఇది కూడా లేటుగా వస్తుందా అని అడగండి. నేను ఆ ప్రశ్న అడగలేకపోయినా ఆ రోజు.

పెద్ద సంస్థలు చూస్తే అనంతపురం వాళ్ళకి బెంగళూరు నిమ్హాన్స్ దగ్గర, హైవే మీద 200 కిలోమీటర్లకి కొంచెం ఎక్కువ, కర్నూలు వాళ్ళకి హైదరాబాద్ దాదాపు అంతే దూరం, ఆడ సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్రం నడిపే ఎన్ఐఈపీఐడీ ఉంది, పాతవాళ్ళు ఎన్ఐఎంహెచ్ అంటారు. కడప వాళ్ళు ఎక్కువగా తిరుపతి మీదుగా వేలూరు సీఎంసీ పోతారు, పిల్లల ఎదుగుదల కోసమే అక్కడ విడిగా డిపార్ట్‌మెంట్ ఉంది. వీటిలో ఏది మంచిది అని అడిగితే నేను భాష చూసుకోమంటా. పిల్లోడితో మాట్లాడేవాళ్ళకి, మీతో మాట్లాడేవాళ్ళకి మీ ఇంటి భాష వస్తే సగం పని అయినట్టే. తెలుగు వచ్చినవాళ్ళు కావాలని రిజిస్ట్రేషన్ దగ్గరే చెప్పండి, సిగ్గుపడొద్దు. కడపలో, కర్నూలులో ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు, మడకశిర రాయదుర్గం వైపు కన్నడ మాట్లాడే ఇళ్ళు చానా ఉన్నాయి. రెండు భాషల వల్లే మాటలు రాలేదు అని వాళ్ళని తిప్పి పంపిస్తుంటారు, అది నిజం కాదు, రెండు భాషలు ఆటిజం తేవు. పిల్లోడికి వచ్చిన మాటలు లెక్క పెట్టేటప్పుడు మాత్రం రెండు భాషలవీ కలిపి లెక్క పెట్టమని అడగండి.

నా సలహా ఏందంటే, రెండున్నరేళ్ళ లోపు పిల్లోడైతే చెవి పరీక్ష, ఎం-చాట్ ఈడనే మన జిల్లాలోనే వారంలో చేయించండి. పాజిటివ్ వస్తే డయాగ్నోసిస్ కోసం పెద్ద సంస్థకి ఒక్కసారి పోండి, రాతపూర్వకంగా రిపోర్టు, ఇంట్లో ఏం చేయాలో ప్లాన్ తెచ్చుకోండి, తిరిగొచ్చి ఇంటికి దగ్గరలో థెరపీ మొదలుపెట్టండి. ఊరు వదిలి, ఉద్యోగం వదిలి బెంగళూరులో అద్దెకి దిగిన వాళ్ళని నేను చూసినా, ఆ డబ్బుతో ఇంటి దగ్గర రెండేళ్ళు మంచి థెరపీ చేయించొచ్చు, పైగా జేజి, తాత, పక్కింటి పిల్లలు అందరూ వాడితో మాట్లాడే ఇల్లు కంటే మంచి సెంటర్ లేదు. అపాయింట్‌మెంట్‌కి రెండు నెలలు పడుతుందంటే ఆ రెండు నెలలు ఊరికే కూర్చోవద్దు, డయాగ్నోసిస్ కాగితం లేకున్నా స్పీచ్ థెరపీ, ఆటల్లో కలపడం మొదలుపెట్టొచ్చు, ఆటిజం కాదని తేలినా ఆ థెరపీ వల్ల నష్టం ఏమీ లేదు.

మూడో ప్రశ్న, సర్టిఫికెట్. దీనికి వాడేది ఇసా అనే స్కేల్, పైన చెప్పిన సికింద్రాబాద్ సంస్థే 2009లో తయారు చేసింది, 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. మొత్తం 70 కన్నా తక్కువైతే ఆటిజం లేదు, 70 నుంచి 106 తక్కువ స్థాయి, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. 70 వస్తే 40 శాతం వైకల్యం లెక్క. ఇది మూడేళ్ళు దాటిన పిల్లల కోసం, రెండేళ్ళకే ఇసా చేయించి స్కోరు చూసుకుని కుంగిపోవద్దు. సదరం స్లాట్ సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేసుకోవాలి. చిన్న పిల్లలకి సాధారణంగా తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు, మళ్ళీ చూపించుకోవాలి. మా అత్తకి ఈ సర్టిఫికెట్ అంటే మనవడి మీద ముద్ర వేసినట్టు అనిపించి ఏడ్చింది, చదివించేటప్పుడు, ఉద్యోగంలో ఇన్‌కమ్ ట్యాక్స్ పాత పద్ధతిలో 75,000 మినహాయింపుకి, నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఇన్సూరెన్స్ లక్ష రూపాయల దాకా వైద్యానికి థెరపీకి, అన్నిటికీ ఇదే ఆధారం అని కూర్చోబెట్టి చెప్పినాక ఒప్పుకుంది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం పేరు స్పష్టంగా ఉంది, ఇది మన పిల్లల హక్కు.

ఇంట్లో వాళ్ళు చెప్పే మాటల గురించి కూడా చెప్పాలి. వస కొమ్ము అరగదీసి నాలుకకి రాయమన్నారు, వాళ్ళ నాయన కూడా నాలుగేళ్ళకి మాట్లాడినాడు అన్నారు, పెద్ద దర్గాకి తీసుకుపోయి తాయెత్తు కట్టించినారు, కసాపురం ఆంజనేయస్వామికి మొక్కినారు. మొక్కుకోవడంలో తప్పు లేదు, నేనూ మొక్కుకున్నా, కానీ మొక్కు తీరేదాకా అపాయింట్‌మెంట్ ఆపొద్దు. ఫోన్ ఎక్కువ చూపించడం వల్లే ఇట్ల అయింది అని నన్ను అన్నవాళ్ళు ఉన్నారు, ఆ మాటకి నేను ఎన్ని రాత్రులు ఏడ్చినానో. రెండేళ్ళ లోపు పిల్లలకి ఫోన్ వద్దు అన్నది నిజం, ఆపేయండి, ఆపితే కొందరు పిల్లల్లో మార్పు కూడా వస్తుంది, అంతమాత్రాన ఆటిజం తల్లి తెచ్చింది కాదు, టీకాలు తెచ్చింది కూడా కాదు. టీకాకీ ఆటిజానికీ సంబంధం ఉందన్నట్టు 1998లో వచ్చిన పేపర్‌ని, దాన్ని అచ్చేసిన వైద్య పత్రిక వాళ్ళే 2010లో వెనక్కి తీసుకున్నారు. ఆడపిల్లల విషయంలో ఇంకో ప్రమాదం, మాట్లాడకుండా మూలన బొమ్మలు వరుస పెట్టుకుంటా కూర్చుంటే మా పాప ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోతాం, అట్ల ఏళ్ళు గడిచిపోతాయి.

స్టెమ్ సెల్ వేస్తే తగ్గిపోతుంది అని లక్షలు అడిగేవాళ్ళు ఫోన్లు చేస్తారు, మీ నంబర్ వాళ్ళకి ఎట్ల పోతుందో తెలియదు. ఆటిజానికి దాన్ని సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఫోన్ పెట్టేయండి.

వచ్చిన మాటలు పోతే మాత్రం ఏ వయసులోనైనా ఆగకూడదు. అమ్మ, తాత అనే పిల్లోడు నెల రోజుల్లో అవి మానేస్తే ఎం-చాట్ కూడా అక్కర్లేదు, నేరుగా డాక్టర్ దగ్గరికి.

పోయే ముందు రోజు ఫోన్లో నాలుగు వీడియోలు తీసుకోండి, ఒక్కోటి నిమిషం. అన్నం తినేటప్పుడు, ఒక్కడే ఆడుకునేటప్పుడు, వెనక నుంచి పేరు పిలిచినప్పుడు, వేరే పిల్లలు పక్కన ఉన్నప్పుడు. ఆసుపత్రిలో పిల్లోడు భయపడి ఏడిస్తే డాక్టర్‌కి ఇంట్లో వాడు ఎట్ల ఉంటాడో తెలియదు, ఆ వీడియోలే మాట్లాడతాయి. వాడికి ఇష్టమైన బొమ్మ ఒకటి, తినేది ఒకటి పెట్టుకోండి, నిద్ర టైం చూసుకుని స్లాట్ అడగండి. ప్రైవేట్‌కి డబ్బు లేదు, టైం లేదు అనుకునేవాళ్ళు రేపు పొద్దున అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి, ఆర్‌బీఎస్‌కే వాళ్ళు మన ఊరికి మళ్ళీ ఎప్పుడొస్తారని. నెల దాటుతుందంటే ఆగొద్దు, ఆమెతోనే ఒక కాగితం రాయించుకుని బస్సెక్కి డీఈఐసీకి పోండి.